నిలిపిన బండి నిలిచి ఉండటానికి
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవంలో ఏదైనా మాట్లాడవలసిందని కార్యవర్గంవారు అడిగినప్పుడు మేము ఒక్క షరతు పెట్టాము. తెలుగు గొప్పతనం గురించి చెప్పటానికి మాకంటె బాగా తెలిసినవారు ఈ సభలో ఉన్నారు. మేము బడిపంతులము. మాది మూడవ తరం. తెలుగు మాకు ఇంట్లో వచ్చిన భాష కాదు. పగలంతా పిల్లలకు పాఠం చెప్పి, సాయంకాలం మేమే పిల్లలమై, గుణింతాలు దిద్ది నేర్చుకున్న భాష. అందుచేత మాకు చేతనైన పని ఒకటి చెప్తాము, అది కూడా మాకు వచ్చిన తెలుగులోనే చెప్తాము అన్నాము. వారు సరే అన్నారు. కారు పార్కింగ్ బ్రేకు షూలు ఇంటి దగ్గర మార్చుకోవటం ఎట్లా అన్నది ఈనాటి మా విషయం.

కొందరు నవ్వుతున్నారు. నవ్వవచ్చును. కూచిపూడి నృత్యానికీ పులిహోరకూ నడుమ బ్రేకు షూలేమిటి అని అనుకోవటం సహజమే. కాని ఈ హాలు బయట ఎన్ని కార్లు నిలిపి ఉన్నాయో చూడండి. వాటి వెనుకనే మన పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ కార్లను కదలకుండా పట్టి ఉంచేది ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు ప్రతి ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలని మా కోరిక.

మనలో చాలా కుటుంబాలు ఫిజీ మీదుగా వచ్చినవి. 1903లో మద్రాసు రేవునుండి కూలీలను తీసుకొని ఓడ ఫిజీకి వెళ్ళింది. 1916 వరకు అట్లా ఓడలు నడిచినవి. మన తాతలు, ముత్తాతలు గిర్మిట్ కాగితం మీద వ్రేలిముద్ర వేసి చెరకుతోటలకు వెళ్ళారు. 1920లో గిర్మిట్లు రద్దయినవి. ఆ తరువాత వారు కొద్దిపాటి భూమి కౌలుకు తీసుకొని తమ చెరకు తామే వేసుకున్నారు. నాగలి విరిగితే పిలవటానికి ఎవ్వరూ లేరు. బండి చక్రం ఊడితే వారే ఎత్తి, వారే ఇరుసుకు కందెన రాసి, వారే సీల బిగించుకున్నారు. 1987 తరువాత మనం పెట్టెలు సర్దుకొని ఈ దేశానికి వచ్చి, సాక్రమెంటో, మోడెస్టో, హేవర్డ్ వంటి ఊళ్ళలో స్థిరపడ్డాము. ఆ పెట్టెల్లో తాతల ఫోటోలు తెచ్చుకున్నాము. వారి చేతిపని ఎంత తెచ్చుకున్నామో ఎవరికి వారు ఆలోచించుకోవలసినదే.

ఎద్దుల బండికి పార్కింగ్ బ్రేకు ఏది? చక్రం క్రింద పెట్టిన రాయి. దానికీ ఒక క్రమం ఉన్నది. ముందు రాయి పెట్టాలి, తరువాత ఎద్దులను విప్పాలి. ఎద్దులను విప్పి రాయి వెతుక్కుంటూ పోతే బండి ఆగదు. ఇంతకంటె పెద్ద శాస్త్రం ఈనాటి కారులోనూ లేదు.

ఈ దేశంలో ఎక్కువ కార్లు ఆటోమేటిక్ గేరువి. ఆగగానే గేరును ‘పి’ అక్షరం దగ్గర పెట్టి దిగిపోవటం అందరికీ అలవాటు. ‘పి’లో పెడితే ఏమి జరుగుతుంది? గేరుపెట్టె లోపల ఒక పళ్ళ చక్రం ఉంటుంది. దాని పళ్ళ మధ్యకు ఒక ఇనుప గడియ వచ్చి పడుతుంది. మన తలుపు గడియ వంటిదే, చేతివ్రేలంత ముక్క. దిగుడులో రెండు టన్నుల బండి బరువంతా ఆ గడియ మీద ఆనుతుంది. మళ్ళీ గేరు తీసేటప్పుడు ‘టక్’ మని పెద్ద చప్పుడు వస్తే, అది ఆ గడియ బరువు క్రిందనుండి బయటికి వచ్చిన చప్పుడు.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. ముందు చక్రాలతో నడిచే బండిలో ‘పి’ పట్టి ఉంచేది ముందు చక్రాలనే. వెనుక చక్రాలు స్వేచ్ఛగా ఉంటవి. ముందు చక్రం ఒకటి పంక్చరయిందనుకోండి. ‘పి’లో పెట్టి, జాకీతో ఆ చక్రాన్ని లేపారు. ఇప్పుడు గాలిలో ఉన్న చక్రం ఒక వైపు తిరగగలదు, నేలమీద ఉన్నది రెండవ వైపు తిరగగలదు. రెండింటి నడుమ ఉన్న డిఫరెన్షియల్ అందుకు ఒప్పుకుంటుంది. అంటే గడియ పడి ఉన్నా బండి దొర్లగలదు. అప్పుడు మనిషిని కాపాడేది వెనుక చక్రాలను పట్టుకున్న పార్కింగ్ బ్రేకు, చక్రానికి అడ్డం పెట్టిన చెక్క, ఈ రెండే.

అందుచేత సరైన క్రమం ఇది. కాలు బ్రేకు మీద ఉంచి బండిని ఆపాలి. కాలు తీయకుండానే పార్కింగ్ బ్రేకు వేయాలి. ఆ తరువాత ‘పి’లో పెట్టాలి. చివరకు కాలు తీయాలి. అప్పుడు బరువు బ్రేకు మీద ఉంటుంది, గడియ కాపలాగా మాత్రం ఉంటుంది. ముందు రాయి, తరువాత ఎద్దులు.

చట్టం కూడా ఈ మాటే అంటుంది. కాలిఫోర్నియా వాహన చట్టం 22515వ సెక్షను ప్రకారం బ్రేకు వేయకుండా, ఇంజను ఆపకుండా బండిని రోడ్డుమీద వదిలి వెళ్ళకూడదు. సాన్ ఫ్రాన్సిస్కో నగరంలో 3 శాతం దాటిన వాలులో బండి నిలిపితే చక్రాలను గట్టువైపు త్రిప్పి ఆనించి పెట్టాలి. ఫిజీలో ఎడమవైపు బండి నడిపిన పెద్దలు ఇక్కడ దీన్ని మార్చి గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ గట్టు మన కుడి చేతివైపు ఉంటుంది. దిగుడులో చక్రాలు కుడికి, గట్టు ఉన్న ఎగుడులో ఎడమకు. గట్టు లేకపోతే ఎగుడైనా దిగుడైనా కుడికే.

కార్లకు ప్రభుత్వం పెట్టిన పరీక్ష ఒకటి ఉన్నది. బండికి నిండా బరువు వేసి, 20 శాతం వాలులో, అంటే నూరు అడుగుల దూరానికి ఇరవై అడుగులు లేచే వాలులో నిలిపి, పార్కింగ్ బ్రేకు ఒక్కటే వేసి 5 నిమిషాలు చూస్తారు. ముందుకు చూసినా, వెనుకకు చూసినా కదలకూడదు. సాన్ ఫ్రాన్సిస్కోలో ఫిల్బర్ట్ వీధిలో ఒకచోట వాలు 31.5 శాతం. అంటే ఆ పరీక్షలో పెట్టిన వాలుకంటె కూడా ఎక్కువ. చక్రాలు గట్టుకు ఆనించమనే చట్టం ఎందుకు ఉన్నదో దీనినిబట్టి తెలుస్తుంది.

ఇక బ్రేకు లోపలి సంగతి. వెనుక చక్రం విప్పితే ఇనుప పళ్ళెం వంటి రోటారు కనబడుతుంది. దాని అంచును రెండు ప్రక్కలనుండి నొక్కి పట్టేది కాలిపర్. ఇది మనం కాలితో త్రొక్కే మామూలు బ్రేకు. ఆ పళ్ళెం నడుమ మూకుడు బోర్లించినట్లు ఉబ్బెత్తుగా ఒక భాగం ఉంటుంది. ఆ మూకుడు లోపలి గోడే ఒక చిన్న డ్రమ్ము. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు దాగి ఉంటవి. మీరు పార్కింగ్ బ్రేకు త్రొక్కినప్పుడు ఒక ఇనుప కేబుల్ లాగుతుంది, ఒక మీట కదులుతుంది, షూలు విచ్చుకొని డ్రమ్ము గోడను పట్టుకుంటవి. టొయోటా సియన్నా, హోండా ఆడిస్సీ వంటి పెద్ద కుటుంబపు బండ్లలో చాలా ఏండ్లు ఈ ఏర్పాటే వచ్చింది.

ఇంత చిన్న షూలు అంత బండిని ఎట్లా ఆపుతవి? తలుపు క్రింద చెక్క ముక్క దోపి చూడండి. తలుపును ఎంత నెడితే చెక్క అంత బిగుస్తుంది. ఇక్కడా అంతే. బండి దొర్లబోయినప్పుడు డ్రమ్ము మొదటి షూను తనతో లాగుకుంటుంది. అది క్రింద ఉన్న పళ్ళ మర ద్వారా రెండవ షూను నెడుతుంది. రెండవది పైనున్న గట్టి మేకుకు ఆని బిగుసుకుంటుంది. మన కాలు ఇచ్చిన బలానికి బండి బరువే బలం చేకూరుస్తుంది. కాని ఇదంతా షూ మీద పట్టు ఇచ్చే పొర ఉన్నంత వరకే.

పిల్లలకు ఇక్కడ ఒక చరిత్ర చెప్తాము. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని, ఆయన తయారుచేసిన మోటారు బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి ప్రయాణం చేసింది. సుమారు నూరు కిలోమీటర్ల దూరం. త్రోవలో దిగుడులు వచ్చి చెక్క బ్రేకులు అరిగిపోయినవి. ఆవిడ ఒక చెప్పులు కుట్టేవాని దగ్గర ఆగి, బ్రేకు చెక్కలకు తోలు కొట్టించుకున్నది. మోటారు బండి బ్రేకుకు పొర వేయటం అదే మొదలని చెప్తారు. కారు బ్రేకును మొదట బాగుచేయించినది ఒక ఇల్లాలు, చేసినది ఒక చెప్పులు కుట్టే పనివాడు. ‘ఇది మన పని కాదు’ అనేవారు ఈ ఇద్దరినీ గుర్తు తెచ్చుకోవాలి.

మామూలు బ్రేకు ప్యాడ్లు తిరిగే చక్రాన్ని రాపిడి పెట్టి ఆపుతవి కనుక అరుగుతవి. పార్కింగ్ బ్రేకు నిలిచిన చక్రాన్నే పట్టుకుంటుంది, అరగవలసిన పని లేదు. మరి ఎందుకు చెడుతుంది? రెండు కారణాలు. ఒకటి, బ్రేకు పూర్తిగా వదలకుండా బండి నడపటం. రెండవది, అసలు వాడకపోవటం. వాడకపోతే కేబుల్ తుప్పుపట్టి బిగుసుకుపోతుంది, మీట కదలదు. తడి, మంచు ప్రాంతాల్లో రోడ్లమీద చల్లే ఉప్పు లోపలికి చేరి, షూ ఇనుముకూ పొరకూ నడుమ తుప్పు లేస్తుంది. ఆ తుప్పు పొరను పైకి లేపి ఊడదీస్తుంది.

మా సంగతి అదే. మా ఇంటి ముందు కారు నిలిపే జాగా వీధివైపు దిగుడుగా ఉంటుంది. మంచు కురిసే రాష్ట్రంలో కొన్నేళ్ళు తిరిగిన సియన్నా ఒకటి మా చేతికి వచ్చింది. ఇంటికి వచ్చిన వారంలోనే మేము దానిని పరీక్షించాము. వెనుక ఎవ్వరూ లేకుండా చూసుకొని, పార్కింగ్ బ్రేకు త్రొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, మామూలు బ్రేకు మీదనుండి కాలు కొంచెం లేపాము. బండి నిలవలేదు. మెల్లగా, చప్పుడు లేకుండా, వెనుకకు జరగసాగింది. వెంటనే బ్రేకు త్రొక్కి ఆపాము. అది జరిగిన జాగా ఏదంటే, మా నాలుగేండ్ల మనవడు తన మూడు చక్రాల సైకిలు పెట్టుకొనే జాగా. సైకిలు ఆవేళ ఇంట్లో ఉన్నది, మనవడూ ఇంట్లోనే ఉన్నాడు. అయినా ఆ రాత్రి మా ఇంటావిడ సరిగా నిద్రపోలేదు. ‘ఇది బాగయ్యేదాకా ఆ బండి ఇక్కడ నిలపవద్దు’ అన్నది. చదునైన వీధిలో నిలిపాము.

ఊళ్ళో ఒక షాపువారిని అడిగితే రెండు ప్రక్కలకూ కలిపి 460 డాలర్లు అన్నారు. అది అన్యాయమని మేము అనము. వారికీ అద్దెలు, జీతాలు ఉన్నవి. మేము షూలు, స్ప్రింగులు కలిపి 58 డాలర్లకు కొనుక్కొని, ఒక శనివారం పని మొదలుపెట్టాము. మేమంటే ముగ్గురము. మేము, మా ఇంటావిడ, పదమూడేండ్ల మా మనవరాలు.

ఇప్పుడు పని చెప్తాము. వరుసగా వినండి.

మొదట చదునైన గట్టి నేల చూసుకోవాలి. మట్టి మీద, వాలు మీద ఈ పని చేయకూడదు. గేరు ‘పి’లో ఉంచాలి. పార్కింగ్ బ్రేకు విడిచిపెట్టాలి, పని దాని మీదనే కనుక. అందుకే ముందు చక్రాలకు ముందూ వెనుకా అడ్డు చెక్కలు పెట్టాలి. వెనుక చక్రాల నట్లను బండి నేలమీద ఉండగానే కొద్దిగా సడలించాలి. తరువాత, బండి పుస్తకంలో చూపిన చోటనే జాకీ పెట్టి లేపి, ఇనుప స్టాండ్ల మీద దించాలి. జాకీ ఎత్తటానికే గాని మోయటానికి కాదు. జాకీ ఒక్కదాని మీద నిలబడిన బండి క్రింద చేయి కూడా పెట్టవద్దు. స్టాండ్ల మీదికి దించిన తరువాత బండిని చేతితో గట్టిగా ఊపి చూడాలి. కదిలితే దించి మళ్ళీ పెట్టాలి.

చక్రం తీసిన తరువాత కాలిపర్‌ను పట్టి ఉంచే రెండు పెద్ద బోల్టులు వెనుకనుండి విప్పాలి. కాలిపర్‌ను దాని రబ్బరు గొట్టం మీద వ్రేలాడనివ్వకూడదు. ఒక తీగతో పైన స్ప్రింగుకు కట్టి ఉంచాలి. అది విప్పి ఉన్నంతసేపు బండిలో ఎవ్వరూ బ్రేకు త్రొక్కకూడదు. పిల్లలను బండిలో కూర్చోబెట్టవద్దు.

ఇక రోటారు లాగాలి. చాలామంది ఇక్కడే విసుగు చెందుతారు. అది రాదు. షూలు డ్రమ్ము గోడకు ఆనుకొని ఉండవచ్చు. రోటారు మీద రబ్బరు మూతతో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దానిలోనుండి స్క్రూడ్రైవరుతో పళ్ళ మరను త్రిప్పితే షూలు దగ్గరకు వస్తవి. అప్పటికీ రాకపోతే తుప్పు పట్టుకున్నదని అర్థం. టొయోటా రోటార్లకు మరలు తీసిన రెండు రంధ్రాలు ఉంటవి. వాటిలో రెండు బోల్టులు వేసి, ఇటు కొంచెం అటు కొంచెం బిగిస్తూ పోతే రోటారు తానే బయటికి వస్తుంది. సుత్తితో బాదటంకంటె ఇది మేలు.

రోటారు రాగానే ఊదవద్దు. ఈ మాట మళ్ళీ చెప్తాము, నోటితో గాని గాలిపంపుతో గాని ఊదవద్దు. లోపల నల్లని ధూళి ఉంటుంది. వెనుకటి కాలంలో బ్రేకు పొరల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తరువాత ప్రాణాంతకమైన జబ్బులు తెస్తుంది. ఈ దేశపు పర్యావరణ సంస్థ 2024 మార్చిలో క్రిసోటైల్ ఆస్‌బెస్టాస్ మీద, దానితో చేసి విడిగా అమ్మే బ్రేకు పొరలతో సహా, నిషేధపు ఉత్తర్వు వెలువరించింది. అయినా పాత బండిలో ఎవరు ఎప్పుడు ఏ షూ వేశారో చూచి చెప్పలేము. ముక్కుకు మాస్కు కట్టుకొని, ధూళిని బ్రేకు క్లీనరుతోగాని సబ్బు నీటితోగాని తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారవేయాలి. ఆనాటి బట్టలు విడిగా ఉతకాలి.

రెండు ప్రక్కలా ఒకేసారి విప్పవద్దు. ఒక ప్రక్క పూర్తిచేసిన తరువాతనే రెండవది. ఎందుకంటే విప్పని ప్రక్క మనకు పాఠ్యపుస్తకం. ఏ స్ప్రింగు ఎక్కడ ఉన్నదో మరచిపోతే అటు చూసుకోవచ్చును. విప్పే ముందు మా మనవరాలు నాలుగు వైపులనుండి ఫోటోలు తీసింది. తీసిన ముక్కలను తీసిన వరుసలోనే ఒక పాత తువ్వాల మీద పేర్చింది.

మొదట పైనున్న లాగుడు స్ప్రింగులు తీయాలి. కండ్లకు అద్దాలు పెట్టుకోవాలి, స్ప్రింగు ఎగిరితే కన్ను పోతుంది. తరువాత షూలను నడుమ పట్టి ఉంచే చిన్న స్ప్రింగులు. వాటి గిన్నెను నొక్కి పావు చుట్టు త్రిప్పితే వెనుకనుండి వచ్చిన సూది విడిపోతుంది. ఇక షూలు, వాటి నడుమ ఉన్న పళ్ళ మర ఊడి వస్తవి. వెనుక షూకు తగిలించిన మీటకు కేబుల్ కొస ఉంటుంది, దానిని తప్పించాలి. ఆ మీట క్రొత్త షూలతో రాదు. పాత షూనుండి విప్పి క్రొత్తదానికి తగిలించాలి. మా బండిలో ఎడమ ప్రక్క షూ చేతికి తీసుకోగానే, పొర ఒక పెంకువలె ఊడి విడిగా పడింది. మందం ఇంకా బాగానే ఉన్నది. అరగలేదు, అంటుకోలేదు, అంతే. మందం మాత్రమే కొలిచి సరిపోయిందనుకుంటే ఆ తప్పు పట్టుబడదు.

ఖాళీ అయిన వెనుక రేకును శుభ్రం చేయాలి. దాని మీద షూలు ఆని జారే మెట్టలు ఉంటవి. వాటి మీద గరుకు కాగితంతో తుప్పు తీసి, వేడికి ఆగే గ్రీజు పలుచగా రాయాలి. పళ్ళ మర మరలకూ కొంచెం రాయాలి. మన తాతల మాటలో దీని పేరు కందెన. పొరమీద మాత్రం కందెన చుక్క కూడా పడకూడదు, వ్రేళ్ళ జిడ్డు కూడా తగలకూడదు. డ్రమ్ము లోపలి గోడ చూడాలి. లోతైన గాట్లు పడి ఉంటే రోటారు మార్చాలి.

క్రొత్త షూలు విప్పిన వరుసకు తలక్రిందుల వరుసలో బిగించాలి. ఎడమ ప్రక్క పళ్ళ మరనూ కుడి ప్రక్క పళ్ళ మరనూ కలిపివేయకూడదు. చాలా బండ్లలో వాటి మరలు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతవి. ఒక ప్రక్క పూర్తిచేసి రెండవది మొదలుపెట్టండి అని మేము అన్నదానికి ఇది ఇంకొక కారణం.

రోటారు మళ్ళీ ఎక్కించి, జారకుండా రెండు చక్రపు నట్లు బిగించి, ఆ చిన్న రంధ్రంలోనుండి పళ్ళ మరను త్రిప్పుతూ పోవాలి. షూలు విచ్చుకొని రోటారు చేతితో తిరగనంత బిగుస్తుంది. అక్కడినుండి వెనుకకు త్రిప్పాలి. మా బండి పుస్తకంలో 8 పళ్ళు వెనుకకు అని ఉన్నది. మీ బండికి మీ పుస్తకం చూడండి. రోటారు చేతితో సులభంగా తిరగాలి, ఎక్కడా గట్టిగా పట్టకూడదు. తరువాతనే కేబుల్ బిగువు చూడాలి. షూలు సరిచూడకుండా కేబుల్ ఒక్కటి బిగిస్తే పెడలు గట్టిగానే తగులుతుంది గాని బండి నిలవదు. పైకి బాగున్నట్లు కనబడే లోపం ఇది. ముందు షూ, తరువాత కేబుల్.

కాలిపర్ బోల్టులను, చక్రపు నట్లను కొలత చూపే రెంచితో పుస్తకంలో ఉన్న లెక్కకు బిగించాలి. చక్రపు నట్లు మా బండికి 76 ఫుట్-పౌండ్లు. ఒకదాని ప్రక్కది కాకుండా ఎదురెదురుగా బిగిస్తూ పోవాలి. బండి దించిన తరువాత, కదిలించే ముందు, మామూలు బ్రేకును రెండు మూడు సార్లు త్రొక్కి గట్టిపడిందని చూసుకోవాలి. క్రొత్త షూలు డ్రమ్ముకు కుదురుకోవటానికి కొన్ని బండ్ల పుస్తకాల్లో, ఖాళీ రోడ్డుమీద తక్కువ వేగంతో, బ్రేకు కొద్దిగా వేసి కొంత దూరం నడపమని వ్రాసి ఉంటుంది. అది పుస్తకం చెప్పినంతే చేయాలి, ఎక్కువ చేస్తే షూలు మాడతవి.

చివరకు పరీక్ష. మొదట ఏ పరీక్ష చేశామో అదే దిగుడులో అదే పరీక్ష. వెనుక ఎవ్వరూ లేరు, న్యూట్రల్, కాలు లేపాము. బండి నిలిచింది. మా ఇంటావిడ గడియారం చూసి 5 నిమిషాలు లెక్కపెట్టింది. ప్రభుత్వ పరీక్ష సంగతి మేము చెప్పినప్పుడు ఆమె విని ఊరుకోలేదన్నమాట. ఆ తరువాతనే సైకిలు బయటికి వచ్చింది.

ఇది అందరూ చేయాలని మేము అనము. ఈ మధ్య వచ్చే చాలా బండ్లలో పార్కింగ్ బ్రేకు ఒక బొత్తాము, లోపల కరెంటు మోటారు. దానిని విప్పాలంటే ముందు బండిని మరమ్మతు స్థితిలో పెట్టాలి, లేకపోతే మోటారు పాడవుతుంది, వ్రేళ్ళు కూడా నలుగవచ్చును. లోపల తడి కనబడితే, నూనె వాసన వస్తే, బ్రేకు గొట్టం పగిలి ఉంటే, అది షాపుకు పోవలసిన పని. నడుము నొప్పి ఉన్నవారు, ఎప్పుడూ చక్రం విప్పనివారు మొదటిసారి తెలిసినవారిని ప్రక్కన పెట్టుకొని చేయాలి. షాపుకు పంపటంలో చిన్నతనం లేదు. కాని అక్కడ వారు చెప్పే మాట మనకు అర్థం కావాలి. ‘రోటారు గాటు పడింది, కేబుల్ పట్టుకుంది’ అంటే ఏమిటో తెలిసినవారు సరైన ప్రశ్న అడుగగలరు.

ఏమీ విప్పకుండానే అందరూ చేయగలిగినది ఒకటి ఉన్నది. రోజూ పార్కింగ్ బ్రేకు వేయండి, చదునుగా ఉన్న చోట కూడా. వాడిన కేబుల్ కదులుతూ ఉంటుంది. గడ్డకట్టే చలి ఉన్న చోట మాత్రం తడిసిన బ్రేకు మంచుకు అతుక్కోవచ్చును, అక్కడ చక్రానికి అడ్డు పెట్టుకోండి. ఏడాదికి రెండు సార్లు వాలులో పరీక్షించండి. ఉగాదికొకసారి, దీపావళికొకసారి అని పెట్టుకుంటే మరచిపోరు.

పిల్లల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాము. మేము చాలా ఏండ్లు ఈ దేశపు బడుల్లో పాఠం చెప్పాము. ఒకప్పుడు బడుల్లో చెక్కపని, ఇనుపపని, మోటారుపని తరగతులు ఉండేవి. చాలా చోట్ల అవి పోయినవి. ఇప్పటి పిల్లలు తెలివైనవారు, కాని నట్టు ఎటు త్రిప్పితే వదులవుతుందో తెలియకుండా పెద్దవారవుతున్నారు. మన ఇండ్లలోనైనా అది తెలియాలి. మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకూ.

ఆ శనివారం మా మనవరాలు ‘తాతా, ఇదేమిటి’ అని అడిగిన ప్రతిదానికి మేము తెలుగులో జవాబు చెప్పటానికి ప్రయత్నించాము. మీట, ఇరుసు, సీల, గడియ, తుప్పు, కందెన, పటకారు, సుత్తి. లేనిదానికి ఉన్న మాటే వాడాము. బ్రేకు బ్రేకే, కేబుల్ కేబులే. సాయంకాలపు తరగతిలో ఆమె ఆరు నెలలుగా ‘బిగించు, సడలించు’ అనే రెండు మాటలు ఒకదాని కొకటి మార్చి చెప్పేది. ఆనాటితో ఆ తడబాటు పోయింది. వ్రేళ్ళకు తెలిసిన మాటను నోరు మరచిపోదు. మా పంతులుగారికి ఈ సంగతి చెబితే, ఇక మీదట ఒక పాఠం వంటింట్లో, ఒక పాఠం కారు షెడ్డులో పెడదామన్నారు. వాడని బ్రేకు తుప్పుపట్టినట్లే వాడని భాషా తుప్పుపడుతుంది. రెంటికీ మందు ఒకటే, రోజూ వాడటం.

వచ్చే నెల మొదటి శనివారం ఉదయం మా ఇంటి ముందు ఇంకొక కుటుంబంవారి బండికి ఇదే పని చేయబోతున్నాము. నేర్చుకొనదలచినవారు రావచ్చును. పాత బట్టలు కట్టుకొని రండి, కండ్లకు అద్దాలు తెచ్చుకోండి. పిల్లలను తప్పక తీసుకురండి, దూరంగా కూర్చోబెట్టి చూపిద్దాము. భోజనం సంగతి మా ఇంటావిడ చూసుకుంటానన్నది.

ఈవేళ ఇంటికి వెళ్ళేటప్పుడు, బండి ఎక్కే ముందు వెనుకకు ఒకసారి నడిచి, పిల్లలెవరూ లేరని చూసుకొని బయలుదేరండి. ఇంటికి చేరిన తరువాత, ముందు రాయి, తరువాత ఎద్దులు అన్న మాట గుర్తు తెచ్చుకోండి.